రస్సెల్ 11, చాంబర్లిన్ 2: సహచరుల వాటాను ఎంతని లెక్కకట్టాలి?

ప్రశ్న (హైదరాబాదు పాఠకుడు)

మా మేనల్లుడు డల్లాస్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు మా ఇద్దరి మధ్య మొదలైన ఒక బాస్కెట్‌బాల్ వాదం వారం రోజులు నడిచి, అతడు తిరిగి విమానమెక్కే నాటికి కూడా తేలలేదు. అతడి వాదన ఇది. బిల్ రస్సెల్ 1956-57 నుంచి 1968-69 వరకు పదమూడు సీజన్లలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బోస్టన్ సెల్టిక్స్ తరఫున 11 ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన మాట నిజమే గానీ, బాబ్ కూజీ, బిల్ షార్మన్, టామ్ హైన్సన్, శామ్ జోన్స్, కె.సి. జోన్స్, జాన్ హావ్లిచెక్ వంటివారు పక్కన ఉండగా గెలవకపోతేనే ఆశ్చర్యపడాలి. అదే కాలంలో విల్ట్ చాంబర్లిన్ 1961-62 సీజన్‌లో ఆటకు సగటున 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (బుట్టలో పడని షాట్ తర్వాత అందుకున్న బంతులు) సాధించి కూడా ఛాంపియన్ కాలేకపోయాడంటే ఆ లోపం అతడి చుట్టూ ఉన్నవారిదే తప్ప అతడిది కాదు. కాబట్టి చాంబర్లిన్ గెలిచిన రెండు ఛాంపియన్‌షిప్‌లను రస్సెల్ పదకొండుతో పోల్చడమే అన్యాయం అని అతడి తీర్పు.

నేను మైకేల్ జోర్డన్ ఆడిన రోజుల్లో ఈ ఆట మీద ఇష్టం పెంచుకున్నవాణ్ణి. అరవైల నాటి ఆటను నల్లని తెల్లని చిత్రాల తునకల్లో తప్ప చూడలేదు. అయినా ఆ లెక్కలు చదువుతుంటే ఒక విషయం నన్ను వదలకుండా పట్టుకుంది. చాంబర్లిన్ 50.4 పాయింట్ల సగటు సాధించిన ఆ సీజన్‌లోనే అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం రస్సెల్‌కు దక్కింది. ఆ రోజుల్లో ఆ పురస్కారానికి ఓటు వేసింది ఆటగాళ్లే. పత్రికల వారు ఎంచిన ఆ ఏటి మేటి అయిదుగురిలో మాత్రం సెంటర్ (బుట్ట దగ్గర నిలిచే పొడవాటి ఆటగాడు) స్థానం చాంబర్లిన్‌ది. రాత్రి పూట ఎదురుగా నిలబడి ఆ ఇద్దరి దెబ్బనూ రుచి చూసినవారు ఒకరిని ఎంచితే, పక్కన కూర్చుని చూసినవారు ఇంకొకరిని ఎంచారన్నమాట. దీన్ని మా మేనల్లుడి ముందు పెడితే, ఆటగాళ్లు కూడా గెలిచిన జట్టు వైపే మొగ్గుతారని కొట్టిపారేశాడు.

నా సందేహం ఒక్కటే. వేర్వేరు కాలాల మహా ఆటగాళ్లను పోల్చేటప్పుడు సహచరుల వాటాను తీసివేసి, మిగిలినదాన్ని ఆ ఒక్కరి ఖాతాలో వేసే పద్ధతి అసలు సాధ్యమేనా? సాధ్యమైతే రస్సెల్‌కు ఎంత మిగులుతుంది? ఈ ఆటను లోతుగా ఎరిగినవారు చెబితే వినాలని ఉంది.

సమాధానం (బోస్టన్ అభిమాని)

ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను కనుక నా మొగ్గు ఎటో దాచను. అయితే అభిమానాన్ని పక్కన పెట్టి, మీ మేనల్లుడు చెప్పిన పద్ధతినే తీసుకుని, అంటే రస్సెల్‌ను తీసేస్తే ఆ సహచరులు ఏమయ్యారో, సహచరులను తీసేస్తే రస్సెల్ ఏమయ్యాడో చూద్దాం.

కూజీ 1950లో బోస్టన్‌కు వచ్చాడు, ఏడాది తిరగకుండా షార్మన్ వచ్చాడు. వారితో పాటు ఎడ్ మెకాలీ ఉన్నాడు. ముగ్గురూ ఈ ఆట మహామహుల గౌరవ పట్టిక అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవారే, శిక్షకుడు రెడ్ ఔర్‌బాక్ కూడా అప్పటికే ఉన్నాడు. 1951 నుంచి 1956 వరకు ఆరేళ్లు వరుసగా ప్లేఆఫ్స్‌కు (ఛాంపియన్‌ను తేల్చే చివరి దశకు) చేరిన ఆ జట్టు ఒక్కసారి కూడా ఫైనల్స్ గడప తొక్కలేదు. 1956లో ఔర్‌బాక్ ఆ మెకాలీనీ, అతడితో పాటు క్లిఫ్ హేగన్‌నూ సెయింట్ లూయీ హాక్స్‌కు ఇచ్చి రస్సెల్‌ను తెచ్చుకున్నాడు. ఆ సీజన్‌లోనే మొదటి ఛాంపియన్‌షిప్ వచ్చింది. 1963లో కూజీ వీడ్కోలు తీసుకున్నప్పుడు ఈ జట్టు పని అయిపోయిందని అనుకున్నవారు చాలామంది. ఆ తర్వాత రస్సెల్ మరో ఆరు సీజన్లు ఆడి అయిదు గెలిచాడు. చివరి రెండూ, అంటే 1968, 1969, తానే శిక్షకుడుగా కూడా ఉండి గెలిచినవి. రస్సెల్ లేని కూజీకి సున్నా, కూజీ లేని రస్సెల్‌కు అయిదు. 1968-69లో 48 గెలిచి 34 ఓడిన జట్టు, రస్సెల్ వెళ్లిపోయిన మరుసటి ఏడాది 34 గెలిచి 48 ఓడింది. అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి.

ఇక హాల్ ఆఫ్ ఫేమ్ మాట. సహచరుల్లో ఎంతమంది అక్కడ ఉన్నారో లెక్కపెట్టి రస్సెల్ గొప్పతనంలో అంత తగ్గించడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది, ఎందుకంటే వారిలో కొందరు అక్కడికి చేరడానికే ఆ ఛాంపియన్‌షిప్‌లు కారణం. కె.సి. జోన్స్ ఆటకు సగటున 7.4 పాయింట్లు సాధించిన గార్డు, అంటే బుట్టకు దూరంగా బంతిని నడిపే ఆటగాడు. అతడు అద్భుతమైన డిఫెండరే, సందేహం లేదు. కానీ అదే 7.4 పాయింట్లతో ఎనిమిది ఛాంపియన్‌షిప్‌లు లేని జట్టులో ఆడి ఉంటే ఈనాడు అతడి పేరు ఎంతమందికి తెలిసేది? రస్సెల్ వెనకాల కాపలా ఉన్నాడన్న ధైర్యం వల్లనే ఈ గార్డులు తమ ప్రత్యర్థి మీదికి అంత సాహసంగా దూకేవారు. పక్కకు తప్పించుకుని లోపలికి దూరినవాడికి అక్కడ రస్సెల్ చేతులు ఎదురయ్యేవి. అంటే వారి డిఫెన్స్‌లో రస్సెల్ వాటా ఉంది, ఆ వాటాను వారి పేరిట రాసి, తిరిగి దాన్నే రస్సెల్ నుంచి తీసేస్తున్నాం. ఒకే సొమ్మును రెండుసార్లు కోత కోయడమే ఇది.

చాంబర్లిన్ ఒంటరివాడన్న మాట కూడా నిలవదు. ఫిలడెల్ఫియా వారియర్స్‌లో పాల్ ఆరిజిన్, టామ్ గోలా, గై రాడ్జర్స్ ఉన్నారు, ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్ వారే. 1968-69లో లాస్ ఏంజిలిస్ లేకర్స్‌లో అతడి పక్కన జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్ ఉన్నారు. ఆ ఏడాది తూర్పు విభాగంలో నాలుగో స్థానంలో నిలిచిన ముసలి సెల్టిక్స్ ఆ ముగ్గురి మీద, వాళ్ల సొంత మైదానంలో, ఫైనల్స్‌ను తేల్చే చివరిదైన ఏడో ఆటలో 108-106తో గెలిచింది.

సమాధానం (ఫిలడెల్ఫియా నివాసి)

పై మిత్రులు రాసినదంతా శ్రద్ధగా చదివాను. వారు చెప్పిన అంకెలన్నీ సరైనవే, కానీ వాటి నుంచి తీసిన తీర్పుతో ఏకీభవించలేను.

మొదట 1956-57 సంగతి. రస్సెల్ మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడి స్వర్ణం గెలిచి డిసెంబరులో జట్టులో చేరాడు. అతడు రాకముందే సెల్టిక్స్ 16 గెలిచి 8 ఓడి ఉంది. అతడు వచ్చాక మిగిలిన 48 ఆటల్లో 28 గెలిచింది. అంటే రెగ్యులర్ సీజన్ అంకెల్లో రస్సెల్ రాకతో ఏ విప్లవమూ కనిపించదు. ఆ ఏడాదే హైన్సన్ కూడా కొత్తగా చేరాడు, ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం అతడికే వచ్చింది. సైనిక సేవ ముగించుకుని ఫ్రాంక్ రామ్సే తిరిగి వచ్చాడు. ముగ్గురు ఒకేసారి వచ్చినప్పుడు వచ్చిన ఫలితాన్ని ఒక్కరికే కట్టబెట్టడం ఎలా? 1969 తర్వాతి పతనమూ అంతే. రస్సెల్‌తో పాటు శామ్ జోన్స్ కూడా అదే ఏడాది విరమించాడు. జట్టు తన సెంటర్‌ను, శిక్షకుణ్ణి, ఉత్తమ షూటర్లలో ఒకణ్ణి ఒక్కసారిగా కోల్పోయింది. 34-48 అన్న అంకె చూడడానికి అందంగా ఉంది కానీ అది కూడా ఒక్కరి ఖాతాలోకి వెళ్లదు.

రెండోది, నా దృష్టిలో దీనికంటే పెద్దది. సహచరులంటే కోర్టు మీద ఉన్న నలుగురే కాదు, పక్కన బల్ల మీద కూర్చున్నవాడు కూడా. రస్సెల్ తన జీవితమంతా ఇద్దరు శిక్షకుల కింద ఆడాడు, ఒకరు ఔర్‌బాక్, రెండోవాడు తానే. చాంబర్లిన్ తన మొదటి పది సీజన్లలో ఆరుగురి కింద ఆడాడు: నీల్ జాన్‌స్టన్, ఫ్రాంక్ మెక్‌గ్వైర్, బాబ్ ఫీరిక్, అలెక్స్ హానమ్, డాల్ఫ్ షేస్, బుచ్ వాన్ బ్రెడా కోల్ఫ్. వచ్చిన ప్రతివాడూ అతడి చేత కొత్త ఆట ఆడించాలని చూశాడు. బంతిని ఎప్పుడూ అతడికే అందించమన్నవారు కొందరు, అతడు పంచితే చాలన్నవారు కొందరు. 1962-63లో శాన్ ఫ్రాన్సిస్కోలో అతడు 44.8 పాయింట్ల సగటుతో ఆడినా జట్టు 31 మాత్రమే గెలిచి ప్లేఆఫ్స్‌కు కూడా చేరలేదు. మరుసటి ఏడాది హానమ్ వచ్చి డిఫెన్స్ మీద దృష్టి పెట్టమన్నాడు. చాంబర్లిన్ సగటు 36.9కి తగ్గింది, జట్టు 48 గెలిచి ఫైనల్స్‌కు వెళ్లింది. ఇది చూశాక లోపం చాంబర్లిన్ స్వభావంలో ఉందని ఎలా అనగలం? చెప్పేవాడు సరిగ్గా చెప్పినప్పుడల్లా అతడు విన్నాడు.

మూడోది, అదృష్టం అనే మాట. ఆ ఇద్దరూ ప్లేఆఫ్స్‌లో ఎనిమిది సిరీస్‌లలో ఎదురుపడ్డారు, ఏడు రస్సెల్‌వి. వినడానికి ఏకపక్షంగా ఉంటుంది. వాటిలో నాలుగు ఏడో ఆట దాకా వెళ్లాయి. 1962లో 109-107, 1965లో 110-109, 1968లో 100-96, 1969లో 108-106. నాలుగు ఆటల్లో కలిపి తేడా తొమ్మిది పాయింట్లు! 1962లో చివరి క్షణాల్లో శామ్ జోన్స్ వేసిన షాట్, 1965లో ఫిలడెల్ఫియా లోపలికి విసిరిన బంతిని హావ్లిచెక్ తన్నుకుపోవడం, 1969లో డాన్ నెల్సన్ వేసిన బంతి రింగు వెనక అంచుకు తగిలి నిలువుగా పైకి లేచి తిరిగి వలలోనే పడటం. ఈ మూడు సంఘటనల్లోనూ రస్సెల్ చెయ్యి లేదు, అతడి సహచరుల చేతులు ఉన్నాయి. 1969 ఆటలోనైతే మోకాలి నొప్పితో బయటికి వచ్చిన చాంబర్లిన్ తిరిగి ఆడతానన్నా వాన్ బ్రెడా కోల్ఫ్ అతణ్ణి లోపలికి పంపలేదు. ఆ తొమ్మిది పాయింట్లు అటూ ఇటూ అయి ఉంటే ఈ ప్రశ్న శీర్షికలో వేరే అంకెలు ఉండేవి.

కాలాల తేడా గురించి కూడా ఒక మాట. రస్సెల్ చేరినప్పుడు లీగ్‌లో ఎనిమిది జట్లు. 1966 వరకు విభాగంలో మొదటి స్థానంలో నిలిచిన జట్టు రెండు సిరీస్‌లు గెలిస్తే ఛాంపియన్. జోర్డన్ ప్రతిసారీ నాలుగు గెలవాల్సి వచ్చింది. పైగా ఆనాటి నిబంధనల ప్రకారం ఆటగాడు తనంతట తాను జట్టు మారే వీలు లేదు. ఆస్కార్ రాబర్ట్‌సన్ 1961-62లో ఆటకు 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు (సహచరుడు పాయింట్లు చేసేలా అందించిన బంతులు) సాధించిన మహానుభావుడు. సిన్సినాటిలో పదేళ్లు ఉండిపోయి ఒక్కసారి కూడా ఫైనల్స్ చూడలేదు. 1970లో మిల్వాకీకి మారి, అప్పటికి ల్యూ ఆల్సిండర్ అన్న పేరుతో ఆడుతున్న కరీం అబ్దుల్ జబ్బార్ పక్కన నిలబడిన మొదటి ఏడాదే ఛాంపియన్ అయ్యాడు. ఆ స్వేచ్ఛ కోసం ఆటగాళ్ల తరఫున న్యాయస్థానంలో పోరాడిన వ్యాజ్యం అతడి పేరు మీదే ఉంది, 1976లో రాజీతో ముగిసింది. మంచి జట్టులో పడినవాడు మంచి జట్టులోనే, చెడ్డ జట్టులో పడినవాడు చెడ్డ జట్టులోనే ఉండిపోయిన కాలం అది. అటువంటి కాలంలో ఛాంపియన్‌షిప్‌లను ఒక మనిషి గొప్పతనానికి కొలమానంగా పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

సమాధానం (పాత సెంటర్)

నేను గుంటూరు జిల్లాలో బడి జట్టుకూ, తర్వాత కళాశాల జట్టుకూ సెంటర్‌గా ఆడినవాణ్ణి. పొడుగు తప్ప వేరే అర్హత లేకుండా ఆ స్థానంలో నిలబెట్టారు. పై ఇద్దరి చర్చలో అంకెలు చాలానే వచ్చాయి కనుక, అంకెల్లోకి రాని ఒక సంగతి చెబుతాను.

నాకు పదిహేనేళ్లప్పుడు ప్రత్యర్థి షాట్‌ను చేత్తో కొట్టి ప్రేక్షకుల మధ్యకు పంపడమంటే గొప్ప సరదా. సిమెంటు కోర్టు చుట్టూ నిలబడ్డవాళ్లు ఈలలు వేసేవారు. మా డ్రిల్లు మాస్టారు మాత్రం ఆట ఆపి అడిగేవారు: "బంతి ఇప్పుడు ఎవరిది?" బయటికి పోయిన బంతి మళ్లీ వాళ్లదే. నేను చేసిందల్లా వాళ్లకు మరో అవకాశం ఇవ్వడమే. రస్సెల్ ఆట దృశ్యాలు చాలా ఏళ్ల తర్వాత చూసినప్పుడు నన్ను కట్టిపడేసింది ఇదే. అతడు బంతిని బలంగా కొట్టడు, దాన్ని పైకి తట్టి మైదానంలోనే ఉంచుతాడు. అది తన చేతికో, కూజీ చేతికో చేరుతుంది, మరుక్షణం సెల్టిక్స్ అవతలి వైపు పరుగెత్తుతూ ఉంటారు. ఆ రెండు పాయింట్లు స్కోరు పుస్తకంలో వేసినవాడి పేరిట, అందించినవాడి పేరిట రాస్తారు. బ్లాక్‌లను, అంటే ఇలా అడ్డుకున్న షాట్లను, లీగ్ అధికారికంగా లెక్కపెట్టడం మొదలైంది 1973-74లో. అంటే రస్సెల్ చేసిన ప్రధానమైన పని అతడి అంకెల్లో లేదు, అతడి సహచరుల అంకెల్లో ఉంది. అందుకే అతడి 15.1 పాయింట్ల సగటును చూసి ఇతణ్ణి పక్కవాళ్లు మోశారనుకోవడం సులభం. తర్వాతి కాలంలో వేసిన లెక్కలు చూస్తే కూడా ఆ సెల్టిక్స్ డిఫెన్స్‌లో దాదాపు ఏటా అగ్రస్థానంలోనే ఉంటుంది, పాయింట్లు చేయడంలో మాత్రం చాలా ఏళ్లు సగటుకు దిగువనే. షూటర్లు మోసిన జట్టు అలా ఉండదు.

మన కచేరీల్లో పక్కవాద్యం సంగతి అందరికీ తెలిసిందే. వయొలిన్ మీద ఎంత గొప్ప విద్వాంసుడు కూర్చున్నా, గాయకుడు ఊపిరి తీసుకునే చోటు ఇవ్వకపోతే ఆ వాద్యం వినిపించదు. చోటు ఇచ్చే గాయకుడి పక్కన మామూలు విద్వాంసుడు కూడా ఆ సాయంత్రం మహానుభావుడిలా వినిపిస్తాడు. చాంబర్లిన్ 50.4 పాయింట్లు చేసిన ఏడాది అతడి పక్కన ఆరిజిన్ ఉన్నాడు, గోలా ఉన్నాడు. వారికి చోటు ఎంత మిగిలి ఉంటుంది? ఇందులో తప్పు చాంబర్లిన్ ఒక్కడిదే అనను, ఆ ఏటి శిక్షకుడు కోరిందే అది. కానీ మంచి సహచరులు ఉండటం వేరు, వారిని వాడుకోగలగడం వేరు అన్నది మాత్రం మరువలేం.

ఈ భేదం బాగా తెలిసేది జోర్డన్ విషయంలో. 1985, 1986, 1987 ప్లేఆఫ్స్‌లో చికాగో బుల్స్ మొత్తం పది ఆటలు ఆడి ఒక్కటి గెలిచింది. 1986లో బోస్టన్ మీద ఒక్క ఆటలో జోర్డన్ 63 పాయింట్లు చేసినా జట్టు ఆ ఆట ఓడిపోయింది. 1987 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వేళ) స్కాటీ పిప్పెన్, హొరేస్ గ్రాంట్ వచ్చారు. 1989లో ఫిల్ జాక్సన్ ప్రధాన శిక్షకుడై, సహాయ శిక్షకుడు టెక్స్ వింటర్ నేర్పే, బంతిని అందరి మధ్యా పంచే త్రిభుజ పద్ధతికి జట్టును మార్చాడు. 1986-87లో 37.1గా ఉన్న జోర్డన్ సగటు 1990-91కి 31.5 అయింది, మొదటి ఛాంపియన్‌షిప్ ఆ ఏడాదే వచ్చింది. వచ్చిన మనుషులు, వచ్చిన పద్ధతి, జోర్డన్ వదులుకున్న ఆ ఆరు పాయింట్లు, ఈ మూడూ విడదీయలేని విధంగా కలిసిపోయాయి.

జోర్డన్ లేని 1993-94లో బుల్స్ 55 గెలిచిందని, అంతకుముందు ఏడాది 57 గెలిచింది కనుక జోర్డన్ విలువ రెండు విజయాలేనని కొందరు వాదిస్తారు. ఆ వాదన చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ ఏడాది టోనీ కుకోచ్, స్టీవ్ కెర్ కొత్తగా చేరారు, పిప్పెన్ తన జీవితంలోనే ఉత్తమమైన సీజన్ ఆడి ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడి) ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. అయినా రెండో రౌండ్‌లో న్యూయార్క్ చేతిలో ఏడు ఆటల్లో ఓడిపోయింది. మరుసటి ఏడాది గ్రాంట్ ఒర్లాండోకు వెళ్లిపోయాక అదే జట్టు, జోర్డన్ మార్చిలో తిరిగి వచ్చే నాటికి 34 గెలిచి 31 ఓడి ఉంది. ఆ వసంతంలో ఒర్లాండో చేతిలోనే బుల్స్ నిష్క్రమించింది. 1994 అంకెతో జోర్డన్‌ను తగ్గించినవారు, 1995 అంకెను చూసి గ్రాంట్‌ను ఆకాశానికి ఎత్తాలి కదా? ఎవరూ ఎత్తలేదు.

ప్రశ్న అడిగినవారు (హైదరాబాదు పాఠకుడు)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. బంతి ఎవరిదన్న మీ మాస్టారి ప్రశ్న నా మనసులో నిలిచిపోయింది. మా మేనల్లుడికి ఈ సమాధానాలు పంపాను. అతడు ఫిలడెల్ఫియా మిత్రులతో ఏకీభవిస్తూనే ఒక కొత్త ఉదాహరణ ఇచ్చాడు. లెబ్రాన్ జేమ్స్ ఉండగా 2009-10లో 61 గెలిచిన క్లీవ్‌లాండ్, అతడు మయామీకి వెళ్లిన మరుసటి ఏడాది 19 మాత్రమే గెలిచింది, వరుసగా 26 ఆటలు ఓడింది. ఒక్క మనిషి విలువ 42 విజయాలు. రస్సెల్ వెళ్లినప్పుడు పడిపోయింది 14 మాత్రమే కదా, దాన్ని బట్టి లెబ్రాన్ సహచరులు ఎంత బలహీనులో తెలియడం లేదా అంటాడు. దీనికి ఏమంటారు?

సమాధానం (బోస్టన్ అభిమాని)

ఫిలడెల్ఫియా మిత్రులు నాకు చెప్పిన హెచ్చరికే ఇక్కడ మీ మేనల్లుడికీ వర్తిస్తుంది. 2010 వేసవిలో క్లీవ్‌లాండ్ నుంచి వెళ్లింది లెబ్రాన్ ఒక్కడు కాదు. షకీల్ ఓనీల్ వెళ్లాడు, జిడ్రూనస్ ఇల్గౌస్కస్ లెబ్రాన్‌తో పాటే మయామీకి వెళ్లాడు, శిక్షకుడు మైక్ బ్రౌన్‌ను తొలగించారు. ఆండర్సన్ వరెజావ్ గాయపడి ముప్పై పైచిలుకు ఆటలే ఆడాడు, మో విలియమ్స్‌ను సీజన్ మధ్యలో మార్చేశారు. పైగా ఆ జట్టును పేర్చిన తీరే వేరు. బంతి లెబ్రాన్ చేతిలో ఉంటుందన్న నమ్మకంతో, అతడు అందిస్తే షాట్ వేసేవారినీ రీబౌండ్ పట్టేవారినీ చుట్టూ చేర్చారు. నడి స్తంభం తీసేశాక పందిరి కూలితే, ఆ వాసాలన్నీ పుచ్చినవని అనలేం కదా. 42 అన్న అంకెలో లెబ్రాన్ గొప్పతనం తప్పక ఉంది, అయితే అందులో అతడి వాటా ఎంత, పేర్పు వాటా ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. అతడి గొప్పతనానికి నేనైతే 2015 ఫైనల్స్ చూపిస్తాను. కెవిన్ లవ్ మొదటి రౌండ్‌లోనే గాయపడి, కైరీ అర్వింగ్ ఫైనల్స్ మొదటి ఆటలో గాయపడి తప్పుకున్నాక, గోల్డెన్ స్టేట్ మీద ఆటకు 35.8 పాయింట్లు చేసి సిరీస్‌ను ఆరో ఆట దాకా లాగాడు. ఓడిపోయాడు. ఆ ఓటమి అతడు గెలిచిన కొన్ని ఫైనల్స్ కంటే నా కంటికి గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పుడు 16-8 సంగతి. ఫిలడెల్ఫియా మిత్రులు ఎత్తి చూపినది ముఖ్యమైన విషయం, నా మొదటి సమాధానంలో దాన్ని చెప్పకపోవడం నా లోపమే. అయితే అదే సీజన్‌ను చివరి దాకా చూడండి. 1957 ఫైనల్స్ ఏడో ఆట, సెయింట్ లూయీ మీద, రెండు అదనపు వ్యవధుల దాకా నడిచి 125-123తో ముగిసింది. ఆ రోజు కూజీ, షార్మన్ ఇద్దరూ కలిసి నలభై షాట్లు వేసి అయిదు మాత్రమే పడేశారు. లీగ్‌లోకెల్లా పేరున్న గార్డుల జంట ఆ విధంగా చేతులెత్తేసిన రోజున జట్టును నిలబెట్టింది ఇద్దరు కొత్త కుర్రవాళ్లు. హైన్సన్ 37 పాయింట్లు, 23 రీబౌండ్లు. రస్సెల్ 19 పాయింట్లు, 32 రీబౌండ్లు. ఆట చివర్లో జాక్ కోల్‌మన్ ఒంటరిగా బుట్ట వైపు దూసుకుపోతుంటే, అవతలి చివర ఉన్న రస్సెల్ మైదానం పొడుగునా పరుగెత్తి వచ్చి ఆ షాట్‌ను అడ్డుకున్నాడు. అది పడి ఉంటే మొదటి ఛాంపియన్‌షిప్ బోస్టన్‌కు వచ్చేది కాదు.

దీన్ని హైన్సన్ ఖాతాలో కూడా వేయాలన్నది నేను ఒప్పుకుంటాను, సగం వేయండి. మిగిలిన సగం మాత్రం కూజీకి ఇవ్వలేం. ఏడో ఆటల్లో రస్సెల్ లెక్క పదికి పది. ఒకటి రెండు ఆటల్లో సహచరుడి చెయ్యి కాపాడింది, ఒకటి రెండింటిలో బంతి అదృష్టం కొద్దీ వలలో పడింది. అయితే ఆ చివరి క్షణం దాకా ఆటను దగ్గరగా ఉంచింది ఎవరన్నది కూడా అడగాలి. 1962లో శామ్ జోన్స్ ఆ షాట్ వేసే నాటికి, సీజన్ పొడుగునా 50.4 సగటు ఉన్న చాంబర్లిన్‌ను ఆ ఆటలో 22 పాయింట్లకు కట్టడి చేసి ఉంచాడు రస్సెల్.

సమాధానం (ఫిలడెల్ఫియా నివాసి)

1957 ఏడో ఆటనూ, 16-8నూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి నేనెప్పుడూ చూడలేదు. కూజీ, షార్మన్ నలభైకి అయిదు వేసిన రోజున గెలిచారన్నది బలమైన ఉదాహరణ, కాదనను. సహచరులే రస్సెల్‌ను మోశారన్న మాట నేను ఇకమీదట అనను. చాంబర్లిన్ సహచరుల చేత ఓడిపోయాడన్న మాట కూడా అంత తేలిగ్గా వాడను. 1968 ఏడో ఆటలో రెండో సగమంతా అతడు బుట్ట వైపు రెండే షాట్లు వేశాడన్నది మా ఊరి పాతతరం వారిని ఈనాటికీ కలిచివేసే సంగతి. సహచరులు బంతి అందించలేదని కొందరు, అతడే అడగలేదని కొందరు అంటారు. మూడు ఒకటి ఆధిక్యం నుంచి ఓడిన సిరీస్ అది.

కానీ ఒక్క విషయంలో మాత్రం నేను కదలను. మహా ఆటగాడూ, అతడికి తగిన సహచరులూ, తగిన శిక్షకుడూ ఒకేసారి కుదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే ఏ కాలపు జట్టును చూడాలని ఎవరైనా అడిగితే, నేను 1966-67 ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్ పేరే చెబుతాను. హాల్ గ్రీర్, చెట్ వాకర్, బిల్లీ కన్నింగ్‌హామ్, ల్యూక్ జాక్సన్, వారి నడుమ చాంబర్లిన్, బల్ల మీద హానమ్. ఆ ఏడాది చాంబర్లిన్ సగటు 24.1 పాయింట్లకు దిగింది, అసిస్టులు 7.8కి పెరిగాయి, రీబౌండ్లు 24.2. జట్టు 68 గెలిచి 13 ఓడింది. వరుసగా ఎనిమిదేళ్లు ఛాంపియన్‌గా ఉన్న బోస్టన్‌ను విభాగపు ఫైనల్స్‌లో నాలుగు ఒకటితో ఓడించింది. అయిదో ఆట మా ఊళ్లోనే జరిగింది, 140-116. శిక్షకుడిగా రస్సెల్‌కు అది మొదటి సీజన్. ఆట ముగిశాక అతడు నేరుగా సిక్సర్స్ గదికి నడిచి వెళ్లి చాంబర్లిన్ చెయ్యి పట్టుకుని అభినందించాడు.